ఎండలో పెట్టిన బంతి

విజయవాడలో బౌలింగ్ హాల్లో పనిచేశానని చెబితే ఎదుటివాళ్ళు ముందు నా భుజం వంక చూస్తారు, ఒకప్పుడు ఫాస్ట్ బౌలర్‌నేమో అని. కాదండీ, నున్నటి బాట మీద బరువైన బంతి దొర్లించి, అటు చివర నిలబెట్టిన పది పిన్నుల్ని పడగొట్టే ఆట అంటాను. "ఓహో, మాల్‌లో పిల్లలాడేదా" అంటారు. అదే. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక షాపింగ్ కాంప్లెక్సు పై అంతస్తులో అలాంటి హాలొకటి ఉండేది. ఆరు లేన్లు. తెరిచిన రోజు నుంచి మూసేసిన రోజు దాకా దానికి మెకానిక్‌ని నేనే.

ఇప్పుడు ఊళ్ళో మళ్ళీ కొత్త హాళ్ళు వస్తున్నాయి. అందులో ఒకదాని యజమాని, కొత్తగా పనిలో చేరేవాళ్ళ కోసం నాకు తెలిసింది రాసిపెట్టమన్నారు. పిన్నుల్ని నిలబెట్టే యంత్రం గురించి నేను రాయక్కరలేదు. ఏ బెల్టు ఎప్పుడు మార్చాలో, ఏ గేరుకి ఎంత గ్రీజు పెట్టాలో యంత్రంతో వచ్చే పుస్తకంలో ఉంటుంది. పుస్తకంలో ఉన్నా ఎవరూ పట్టించుకోనిది బంతి సంగతి. మన ఊరి ఎండకీ ఆ బంతికీ ఉన్న తగువు సంగతి. అదే రాస్తాను.

రాయడం మొదలుపెట్టాక తెలిసింది, నేను రాయాలనుకుంటున్నది అదొక్కటే కాదని. పొద్దున ఎనిమిదింటికి తాళం తీసి లోపలికి వెళితే లైట్లు వేయకముందు ఆ హాల్లో ఒక వాసన ఉండేది. లేన్లకు పూసే నూనె, రబ్బరు, రాత్రి ఎవరో ఒలికించిన కూల్‌డ్రింకు, అన్నీ కలిసిన వాసన. ఇప్పుడక్కడ చీరల షోరూం ఉంది. మొన్న మా ఆవిడతో వెళ్ళినప్పుడు ఆమె చీరలు చూస్తుంటే నేను మూడో లేన్ ఎక్కడుండేదో అడుగులతో కొలుచుకుంటూ నిలబడ్డాను. సేల్స్ అమ్మాయి వచ్చి, "ఏమైనా పడిపోయిందా అంకుల్?" అని అడిగింది.

చేత్తో చూడడం

నాకు పని నేర్పింది జోసెఫ్ గారు. హైదరాబాదులో ఆయన దగ్గర ఆరు నెలలున్నాను. అంతకుముందు నేను రైసు మిల్లుల్లో మోటార్లు బాగుచేసేవాణ్ణి. యంత్రమంటే భయం లేదు కానీ బంతిని బంతిగానే చూసేవాణ్ణి. ఆయన పొద్దున రాగానే ఎవరితోనూ మాట్లాడకుండా బంతులున్న ర్యాకు వెంట నడిచేవారు. పసిపిల్లకి జ్వరం చూసినట్టు ఒక్కొక్క బంతి మీద అరచేతి వెనకభాగం ఆనించేవారు.

"థర్మామీటరుంది కదండీ గోడకి," అన్నాను మొదటి వారంలో.

"అది గోడ సంగతి చెబుతుంది సుబ్బారావ్. బాల్ సంగతి బాల్‌నే అడగాలి."

నాకప్పుడు చాదస్తంలా కనిపించింది. తరవాత అర్థమైంది. బంతి పైకి ఒకే ముద్దలా కనిపిస్తుంది గానీ లోపల గుండు వేరు, పైన పొర వేరు. వేడి తగిలితే రెండూ ఒకేలా ఉబ్బవు. పొర ముందు ఉబ్బుతుంది, లోపలిది ఆలస్యంగా. చల్లబడేటప్పుడు కూడా అంతే, పైది ముందు బిగుసుకుంటుంది. నెమ్మదిగా జరిగితే ఇబ్బంది లేదు. గబగబా జరిగితే ఆ రెండింటి మధ్య లాగులాట మొదలవుతుంది. ముందు తెగేది వేళ్ళు పెట్టే రెండు రంధ్రాల మధ్య ఉన్న సన్నటి గోడ.

ఆట సంగతికొస్తే, చల్లటి బంతి పైపొర గట్టిగా ఉంటుంది. లేన్‌ని పట్టుకోదు, జారుకుంటూ తిన్నగా పోతుంది. గోరువెచ్చగా ఉంటే కాస్త మెత్తబడి చివర్లో పట్టు దొరికి తిరుగుతుంది. అటు లేన్ మీది నూనె కూడా వేడికి పలచబడుతుంది, చలికి చిక్కబడుతుంది. అందుకే పొద్దున బాగా ఆడినవాడు మధ్యాహ్నం తన చెయ్యి పాడైందనుకుని బాధపడతాడు. చెయ్యి బాగానే ఉంటుంది. ఏసీ సరిగ్గా లేదు, అంతే. అలాంటివాళ్ళకి ఆ ఒక్క ముక్క చెప్పి ఇంటికి పంపితే రాత్రి నిద్రపోతారు.

మా మేనేజరు రమణ గారు రాత్రి మూసేటప్పుడు ఏసీ ఆపించేవారు. మర్నాడు పదకొండింటికి మొదటి కస్టమరు మెట్లెక్కితే గానీ వేయనిచ్చేవారు కాదు. బంతుల ర్యాకేమో పడమటి అద్దాల గోడ పక్కన. రోజూ ఉబ్బడం, రోజూ బిగుసుకోవడం. ఏడాది తిరిగేసరికి ఆ వరసలో బంతులకే పగుళ్ళు వచ్చాయి.

"ర్యాకు లోపలి గోడకి మారుద్దామండీ," అన్నాను.

"రంగుల బాల్స్ రోడ్డు మీదికి కనపడకపోతే జనం పైకెందుకొస్తారయ్యా? నీ మిషన్ నువ్వు చూసుకో."

రమణ గారు చెడ్డవారు కారు. పదకొండింటికి ముందు ఆ హాల్లో ఎప్పుడూ నిలబడలేదు, అంతే. తప్పు నాది. ఒక్కసారి చెప్పాను, కాదనగానే నోరు మూసుకున్నాను. పగిలిన బంతి తెచ్చి ఆయన బల్ల మీద పెట్టి ఉంటే వినేవారేమో. నా స్వభావంలో ఉన్న లోపమే అది. అవతలివాళ్ళ ముఖం మారుతుందనిపిస్తే చాలు, నిజాన్ని జేబులో పెట్టుకుని యంత్రాల వెనక్కి వెళ్ళిపోతాను. కొత్తగా చేరేవాళ్ళు ఈ లోపం నాలో చిన్నదిగా ఉండగా చూడాలనే ముందుగా ఇది చెప్పాను.

పెళ్ళికి వెళ్ళిన బంతి

సొంత బంతి కొనుక్కున్నవాళ్ళకి నేను మొదట చెప్పే మాట, కారు డిక్కీలో పెట్టద్దని. మే నెలలో మన ఊళ్ళో మూసిన డిక్కీలో చెయ్యి పెట్టి చూడండి, మీకే తెలుస్తుంది. ఈ మాట అందరూ వింటారు, తలూపుతారు, పెడతారు.

మొదట్లో విన్నది ఒక్కరే, ఒక పళ్ళ డాక్టరు గారు. ఆయన ఎంత శ్రద్ధగా విన్నారంటే, ఆదివారం ఆట ముగించుకుని తిన్నగా బంధువుల పెళ్ళికి వెళ్ళాల్సివచ్చి, బంతి సంచీతో సహా కల్యాణమండపంలోకి వెళ్ళారు. కానుకలు తీసుకునేవాళ్ళు ఆ బరువు చూసి వెండి సామానేమో అనుకుని పేరు రాసుకుని లోపల పెట్టేశారు. మర్నాడు పెళ్ళివారే తెచ్చిచ్చారు. "డాక్టర్ గారూ, దీనికి మూడు బొక్కలున్నాయండీ, మా పెళ్ళికొడుక్కి అర్థం కాలేదు," అన్నారట. ఆయన ఆ కథ చెబితే హాలంతా నవ్వింది. కానీ ఆయన బంతి మాత్రం పదేళ్ళు చెక్కుచెదరలేదు.

ఆ నవ్వినవాళ్ళలో అందరికంటే గట్టిగా నవ్వింది ప్రసన్న.

ప్రసన్న, వాళ్ళ నాన్న

ప్రసన్నది కంకిపాడు. విజయవాడలో డిగ్రీ చదివేది. స్నేహితురాలి పుట్టినరోజుకి మొదటిసారి మా హాలుకి వచ్చింది. మిగతా పిల్లలు బంతిని విసిరికొడుతుంటే ఈ అమ్మాయి నేల మీద పసిబిడ్డని దించినట్టు దించింది. నేను యంత్రాల వెనక పనిలో ఉన్నాను. బంతి నేలను తాకే చప్పుడు వినపడకుండా పిన్నులు పడిన చప్పుడే వినిపించింది. ఎవరా అని బయటికి వచ్చి చూశాను. పదహారేళ్ళ ఉద్యోగంలో, చప్పుడు లేకపోవడం వల్ల నేను బయటికి వచ్చింది ఆ ఒక్కసారే.

తరవాత వారానికి మూడు రోజులు వచ్చేది. రెండో నెలకి నన్ను బాబాయ్ అనడం మొదలుపెట్టింది. వాళ్ళ నాన్న వెంకటేశ్వరరావు గారికి కంకిపాడులో ఎరువుల కొట్టు. కూతుర్ని తీసుకెళ్ళడానికి కారులో వచ్చి, ఆట అయ్యేదాకా వెనక బెంచీ మీద కూర్చునేవారు. పిన్నుల్ని సీసాలనేవారు.

"ఆ మూల సీసా పడలేదేంటమ్మా?"

"సీసాలు కాదు నాన్నా, పిన్నులు."

"ఏదైతే ఏంటి, పడలేదుగా!"

"బాబాయ్, మా నాన్నకి కాసేపు బయట టీ ఇప్పించండి. ఆయన చూస్తుంటే నాకు గురి కుదరట్లా."

"నేను చూడబట్టే ఆ తొమ్మిదన్నా పడ్డాయి," అనేవారాయన నావైపు తిరిగి, రహస్యం చెబుతున్నట్టు.

రెండో ఏడు కూతురికి సొంత బంతి కొనిచ్చారు. ముదురు నీలం రంగు. ఆమె వేళ్ళ కొలతలు నేను తీసి పంపితే జోసెఫ్ గారు హైదరాబాదులో రంధ్రాలు వేసి పంపించారు. నేను చెప్పిన మాట మీద వెంకటేశ్వరరావు గారు ఆ బంతిని డిక్కీలో పెట్టనిచ్చేవారు కాదు. తువ్వాలు చుట్టి కూతురి కాళ్ళ దగ్గర పెట్టించి, ఏసీ గాలి దానివైపు తిప్పేవారు. "మేం ఉడికిపోయినా పర్లేదండీ, బాల్ చల్లగా ఉండాలి," అని నవ్వేవారు.

నా తెలివి

ఇక నా పని సంగతి. హాల్లో అందరూ వాడే బంతులు ప్లాస్టిక్‌వి, నూనె పీల్చవు. ప్రసన్న బంతిలాంటి వాటి పైపొరకి సన్నటి రంధ్రాలుంటాయి. లేన్ మీది నూనెని అవి అప్పడంలా పీలుస్తాయి. కొన్నాళ్ళకి బంతి బరువెక్కినట్టు మందకొడిగా పోతుంది, తిరగదు. ఆ నూనె బయటికి తీయాలి. పద్ధతి చాలా సులువు. రంధ్రాలకి టేపు వేసి, చెయ్యి ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళ బకెట్లో ఇరవై నిమిషాలుంచి, తీసి తుడవాలి. మళ్ళీ ఉంచాలి, మళ్ళీ తుడవాలి. ఆరబెట్టాక గదిలో పెట్టి దానంతటది చల్లారేదాకా వదిలేయాలి.

నాకు అంతకంటే గొప్ప ఆలోచన వచ్చింది. మా అమ్మ ఎండాకాలం డాబా మీద గుడ్డ పరిచి వడియాలు పెట్టేది. కాంప్లెక్సు టెర్రస్ మాదే. రెండు తువ్వాళ్ళు చుట్టగా చుట్టి, దాని మీద బంతి నిలబెట్టి, పొద్దుటి ఎండలో పావుగంట ఉంచాను. ముత్యాల్లా నూనె చుక్కలు పైకి తేలాయి. తుడిచి కిందికి తెస్తే బంతి కొత్తదానిలా తిరిగింది. ఆడేవాళ్ళు ఆశ్చర్యపోయారు. ఎవరో నన్ను ఎండ డాక్టరు అన్నారు. ఆ పేరు నాకు ఎంత నచ్చిందో చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

జోసెఫ్ గారికి ఫోన్లో గొప్పగా చెప్పాను. 

"నీళ్ళతో చెయ్యి సుబ్బారావ్. నీళ్ళ వేడి నీ చేతిలో ఉంటుంది. సూర్యుడు నీ మాట వినడు."

"మీ ఊరి ఎండ వేరు, మా ఊరి ఎండ వేరండీ," అన్నాను. ఆ మాట అన్నందుకు కూడా ఇప్పటికీ నాలుక కరుచుకుంటాను.

ఆ రెండో రోజు

ఆ ఏడు రాష్ట్ర జట్టు ఎంపిక మా హాల్లోనే పెట్టారు. అమ్మాయిల్లో నలుగురిని తీసుకుంటారు. రెండు రోజుల ఆట. మొదటి రోజు ముగిసేసరికి ప్రసన్న మొదటి స్థానంలో ఉంది. వెంకటేశ్వరరావు గారు ఆ రోజు ఒక్క సీసా పేరు కూడా ఎత్తలేదు. బెంచీ మీద చేతులు కట్టుకుని కూర్చున్నారు.

రెండో రోజు పొద్దున తొమ్మిదింటికి ప్రసన్న బంతి తెచ్చి నా చేతిలో పెట్టింది.

"నిన్న సాయంత్రానికే జారిపోతోంది బాబాయ్. ఒకసారి చెమట పట్టించరూ?"

"పావుగంట పని తల్లీ. టిఫిన్ తినిరా."

రోహిణి కార్తె. తొమ్మిదిన్నరకే టెర్రస్ మీద చెప్పుల్లోంచి వేడి తెలుస్తోంది. బంతి పెట్టి, తువ్వాలు తడుపుకొద్దామని కిందికి దిగాను. మూడో లేన్ యంత్రం ఇరుక్కుంది. రమణ గారు కేకలు. విప్పాను, సరిచేశాను, బిగించాను. అందరూ భుజం తట్టారు. చేతులు కడుక్కుంటుంటే అద్దంలో గడియారం కనపడింది. గంటా పది నిమిషాలైంది.

పైకి పరిగెత్తాను. బంతి ముట్టుకోనివ్వలేదు. ముదురు నీలం రంగు, ఎండనంతా తాగేసింది. తువ్వాల్లో చుట్టి కిందికి తెచ్చాను. ఆట ఇంకో అరగంటలో. దానంతటది చల్లారాలంటే మధ్యాహ్నం దాటుతుంది. అప్పుడు నేను చేసిన పని మీలో ఎవరూ చేయరనుకుంటాను. స్నాక్స్ కౌంటరు దగ్గర కూల్‌డ్రింకుల ఫ్రిజ్ ఉంది. కింద వరస సీసాలు తీసేసి బంతిని అందులో పెట్టి తలుపు వేశాను. చెయ్యి తలుపు మీదే ఉంది. లోపల చిటికె వేసినంత చప్పుడు.

తీసి చూశాను. రెండు వేలి రంధ్రాల మధ్య గీత. వెంట్రుక కంటే సన్నం. గోరు పెట్టి చూస్తే తగిలీ తగలనట్టుంది. ఆరు ఆటలు ఆగుతుందిలే అనుకున్నాను. తుడిచాను. ప్రసన్న వచ్చింది.

"ఏంటి బాబాయ్, ఇంత చల్లగా ఉంది?"

"ఏసీ కింద పెట్టాను. బాగా తిరుగుతుంది, వెళ్ళు."

రెండు ఆటలు బాగానే తిరిగింది. మూడో ఆటలో చెయ్యి వెనక్కి తీసి ముందుకి వదిలేటప్పుడు ఆ గోడ ఊడి ముక్క ఆమె వేలితోపాటే వచ్చింది. బంతి లేన్ పక్కనుండే గట్టర్ కాలవలో పడి దొర్లిపోయింది. మధ్యవేలి గోరు లేచి రక్తం. టేపు చుట్టుకుని హాలు బంతితో మిగతా ఆటలు ఆడింది. ఏడవలేదు. ఐదో స్థానంలో ఆగింది.

ఆట అయ్యాక బల్ల మీద విరిగిన బంతి చుట్టూ పదిమంది చేరారు. వెంకటేశ్వరరావు గారు నావైపే చూశారు. ఆయనకి నేను తప్ప ఈ ఆటలో ఇంకెవరూ తెలియదు.

"ఏమైందండీ దానికి?"

జోసెఫ్ గారిని తలుచుకుని నిజం చెప్పాల్సింది. పోనీ, తెలియదండీ అనాల్సింది. నేను అన్న మాట ఇది: "డిక్కీలో గానీ పెట్టారా ఏంటండీ?"

ఆయన ముఖంలో రంగు పోవడం నేను చూశాను.

"నిన్న సాయంత్రం..." అన్నారు. "చుట్టాలు ఎక్కారండీ, కాళ్ళ దగ్గర చోటు లేక. మా కొట్టు దగ్గర అరగంటే ఆగాను. అరగంటేనండీ."

"నేను వద్దన్నాను నాన్నా," అంది ప్రసన్న. అరవలేదు. మామూలుగా అంది.

పొద్దువాలాక అరగంట డిక్కీలో ఉంటే బంతికి ఏమీ కాదు. ఆ హాల్లో ఆ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. తల ఊపాను.

బస్సులో వచ్చిన బంతి

వారం తరవాత వెంకటేశ్వరరావు గారు మధ్యాహ్నం ఒంటిగంటకి ఒంటరిగా వచ్చారు. చొక్కా తడిసిపోయి ఉంది. చంకలో బియ్యం సంచీ. అందులో తడి తువ్వాలు చుట్టిన బంతి.

"కారేదండీ?"

"బస్సులో వచ్చానండీ. కారులో పెట్టబుద్ధి కాలా. ఒళ్ళో పెట్టుకు కూర్చున్నా." ముక్క కూడా వేరే కాగితంలో చుట్టి తెచ్చారు. "ఎట్టాగైనా అతుకు పడుద్దేమో చూడండి. అమ్మాయికి చెప్పలా నేను. బాగయ్యాక చూపిద్దామని."

అతుకు పడుతుంది. ఆ రంధ్రాలు రెండూ పూడ్చి, గట్టిపడ్డాక మళ్ళీ కొత్తగా వేయవచ్చు. జోసెఫ్ గారు అలాంటివి ఎన్నో చేశారు. కానీ బంతి ఆయన దగ్గరికి వెళితే ఒక్క చూపులో చెబుతారు, ఇది కాలి, ఆ వెంటనే గడ్డకట్టిన బంతి అని. నన్ను అడుగుతారు.

"పనికిరాదండీ," అన్నాను.

"కాస్త చూసి చెప్పండి."

"చూశానండీ. పనికిరాదు."

ఆయన బంతిని మళ్ళీ తడి తువ్వాల్లోనే చుట్టారు. ఇక ఆ తడి ఎందుకని అడగాలనిపించింది, అడగలేదు. మంచినీళ్ళు ఇస్తే తాగి వెళ్ళిపోయారు. అద్దాల గోడలోంచి చూస్తే సంచీ రెండు చేతులతో పట్టుకుని బస్టాపు నీడలో నిలబడి ఉన్నారు. మెట్లు దిగి వెళ్ళడానికి నాకు రెండు నిమిషాలు పట్టేది. బస్సు రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది.

ప్రసన్న ఆ తరవాత రెండుసార్లు వచ్చింది. హాలు బంతితో ఆడి, "వెళ్ళొస్తా బాబాయ్," అని వెళ్ళింది. మూడోసారి రాలేదు. బ్యాంకు పరీక్ష రాసి ఉద్యోగంలో చేరిందనీ, చల్లపల్లి శాఖలో ఉందనీ ఎవరో చెప్పారు. హాలు మూసేదాకా, యంత్రాల వెనకున్నప్పుడల్లా నేను బంతి నేలను తాకే చప్పుడు కోసం కాదు, ఆ చప్పుడు లేకపోవడం కోసం చెవులు రిక్కించేవాణ్ణి. ఎంతమంది ఆడారు! అందరి బంతీ చప్పుడు చేసింది.

కంకిపాడు

ఈ వ్యాసం మొదట రాసినప్పుడు ఇక్కడ వేరే సంగతి ఉంది. "బంతిని ఎండలో పెట్టరాదు. వేడెక్కిన బంతిని ఫ్రిజ్‌లో పెట్టరాదు," అని రెండు వాక్యాలు రాశాను. ఎందుకు పెట్టకూడదో కారణం రాయబోతే కలం కదలలేదు. ఎవరికో జరిగిందని రాయబోయాను. పన్నెండేళ్ళ తరవాత కూడా తప్పు ఇంకొకరి కారు డిక్కీలో పెడుతున్నానని అర్థమై కాగితాలు మూసేశాను. మర్నాడు పొద్దున కంకిపాడు బస్సెక్కాను.

ఎరువుల కొట్టు ఇప్పుడు అద్దెకిచ్చారట. ఇల్లు వెనకే. వెంకటేశ్వరరావు గారు వరండాలో పేపరు చదువుతున్నారు. బాగా సన్నబడ్డారు. నన్ను గుర్తుపట్టి లేచారు.

"రండి రండి! సీసాల సుబ్బారావు గారు!" లోపలికి కేకేశారు కాఫీ పెట్టమని.

కాఫీ రాకముందే చెప్పేశాను. వస్తే తాగాల్సివస్తుంది, తాగితే చెప్పలేనని తెలుసు. ఎండ, ఫ్రిజ్, గీత, డిక్కీ మాట, బాగుచేయడానికి వీలుండీ లేదన్న మాట. అన్నీ వరసగా చెప్పాను. ఆయన పేపరు మడతపెట్టారు. విప్పి మళ్ళీ మడతపెట్టారు.

"అరగంట పెట్టా," అన్నారు. "ఎన్నిసార్లు లెక్కేసుకున్నానో తెలుసా అండీ? అరగంటా, ముప్పావుగంటా అని. ఆ రోజు కొట్లో ఎవరెవరొచ్చారు, ఎంతసేపున్నారు అని."

"అవునండీ."

"అమ్మాయి ఒక్క మాట అనలా మళ్ళీ. తిట్టినా బాగుండేది. ఇప్పటికీ ఇంటికొస్తే సంచీ తనే మోసుకొస్తది. నా చేతికి ఇవ్వదు. మామూలుగానే ఇవ్వదనుకోండి. నాకే అట్టా అనిపిస్తదేమో!"

 ఆయన ఫోను తీసి నంబరు నొక్కి నాకిచ్చారు.  

"నాన్నా, క్యాష్ కౌంటర్లో ఉన్నా, చెప్పండి."

"నేనమ్మా. బౌలింగ్ సుబ్బారావుని."

"బాబాయ్! మీరా? మా ఇంట్లో ఉన్నారా? అయ్యో, ఎన్నేళ్ళైంది! ఒక్క నిమిషం, పక్కకొస్తా ఉండండి." ఆ గొంతులో అంత సంతోషం ఉంటుందనుకోలేదు. ఆ ఒక్క నిమిషం నా జీవితంలో ఇంకొంచెం పొడుగ్గా ఉంటే బాగుండునని కోరుకున్నాను. తలుపు తీసిన చప్పుడు, వేసిన చప్పుడు. "ఆఁ, చెప్పండి బాబాయ్."

చెప్పాను. మధ్యలో ఒక్కసారి కూడా ఆగలేదు.

"గీత ముందే చూశారా?"

"చూశానమ్మా."

"నాకు బాల్ ఇవ్వకముందే?"

"ముందే."

 బ్యాంకులో ఎవరో టోకెన్ నంబరు పిలుస్తున్నారు.

"అది బాగయ్యేదా?"

"అయ్యేదమ్మా. మీ నాన్న గారు వారం తరవాత తెచ్చారు. బస్సులో, ఒళ్ళో పెట్టుకుని. నేనే కాదన్నాను."

"నాన్న తెచ్చారా?" అంది.  తరవాత, "ఫోన్ నాన్నకివ్వండి," అంది.

మీరు పనిలో చేరాక ఏదో ఒక రోజు మీ చేతుల్లోనూ బంతి పగులుతుంది. పగలకుండా ఉండదు. గీత చూసిన రోజే, చూసిన చోటే చెప్పండి. అలా చెబితే పోయేది ఒక ఆట. నేను చెప్పకపోవడం వల్ల పోయినదాని పేరు ఆటల భాషలో లేదు. ఆమె నన్ను క్షమిస్తుందని నేను వెళ్ళలేదు. వెళ్ళలేదని రాస్తున్నాను గానీ, ఒళ్ళో ఫోను పెట్టుకుని కూర్చోవడం ఇప్పుడు నాకూ అలవాటైంది. ఇంతవరకు ఆమె చేయలేదు.

ఆ రోజు ఫోను ఆయనకిచ్చి లేచాను. కాఫీ తెచ్చిన ఆవిడ గ్లాసులతో గుమ్మంలోనే నిలబడిపోయింది. వెంకటేశ్వరరావు గారు ఫోను చెవికి గట్టిగా అదుముకుని, నావైపు చూడకుండానే, వెళ్ళమన్నట్టు చెయ్యి ఊపారు. కోపంగా కాదు. చెప్పులేసుకుని వాకిలి దాటాను. గేటు గడియ పెడుతుంటే వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది. కొట్లో పెద్ద గొంతుతో బేరాలాడిన మనిషి, చిన్నపిల్లాడిలా, చెప్పిందే మళ్ళీ చెబుతున్నారు.

"నేను కాదంటమ్మా. నేను కాదంట."